మగ్గం గుంతకు ‘మోస్తరు’ అంటే ఎంత?

భారత వాతావరణ శాఖ అమరావతి కేంద్రం అధికారులకు,
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ బాధ్యులకు,



‘రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ అక్టోబరు మొదలు సంక్రాంతి దాకా ఈ వాక్యం మీ పేరు మీద ఎన్ని సాయంత్రాలు వినపడుతుందో మీకే తెలియాలి. హిందూపురం పక్కన పట్టుపురుగుల షెడ్డు ముందు కూర్చున్న రైతు దాన్ని వింటాడు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న నేతన్న వింటాడు. పెనుకొండ దిక్కు కల్లంలో బుడ్డల (వేరుశనగ) వామి వేసుకున్న రైతు వింటాడు. విన్నాక ముగ్గురూ తలెత్తి ఆకాశంవైపే చూస్తారు. మీరు చెప్పిన తర్వాత కూడా మబ్బునే అడగాల్సి వస్తే, ఆ చెప్పడం ఎవరి కోసం?

‘మోస్తరు’ అన్న మాటకు మీ దగ్గర కచ్చితమైన కొలత ఉంది. ఇరవై నాలుగు గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే అది మోస్తరు వాన. 64.5 దాటితేనే భారీ వర్షం. ఈ గీతలు దేశమంతటికీ ఒక్కటే. మరి ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన చూసే ఉమ్మడి అనంతపురం నేలకు ఆ గీత ఏం చెబుతుంది? ఇక్కడ ఒక్కరోజున 60 మిల్లీమీటర్లు పడిందంటే ఏడాది వానలో పదో వంతుకు పైగా ఒక్కసారే దిగిందని అర్థం. మీ లెక్కలో అది ఇంకా మోస్తరే. హెచ్చరిక రంగు మారకపోవచ్చు, కలెక్టరేట్‌లో ఫోను మోగకపోవచ్చు. కానీ ధర్మవరంలో ఆ రాత్రి ఏమవుతుందో మీరు ఒక్కసారి వచ్చి చూడాలి.

గుంత మగ్గం నేలలోకి దిగి ఉంటుంది. నేతన్న గట్టు మీద కూర్చుని కాళ్లు గుంతలోకి వేసి, అడుగున ఉన్న కర్రలను తొక్కుతూ నేస్తాడు. పల్లపు వీధుల్లో వాన నీళ్లు గడప దాటాయంటే ముందు చేరేది ఆ గుంతలోకే. పైనుంచి పడకపోయినా, రెండు రోజులు ముసురు పట్టిందంటే నేల ఊరి, గుంత గోడల్లోంచి నీళ్లు జలలా ఊరతాయి. ఇంటివాళ్లు చెంబులతో, బకెట్లతో తోడుతుంటారు. తోడే కొద్దీ ఊరుతుంది. పడుగు మీదున్న పట్టుదారం తేమ పీల్చుకుని సాగుతుంది, పోగులు ఒకదానికొకటి అంటుకుని తెగుతాయి. జకార్డు అట్టలు ఉబ్బితే సూదులు సరిగా పడవు, అంచు మీది బుట్టా గాడి తప్పుతుంది. గుంత ఆరి, కర్రలు ఆరి, మళ్లీ నేత మొదలయ్యేసరికి వారం, ఒక్కోసారి రెండు వారాలు. ఆ రోజుల కూలి ఎవరిస్తారు? పెళ్లిళ్ల సీజనుకు ఒప్పుకున్న చీర ఆలస్యమైతే షావుకారుకు ఎవరు సర్దిచెబుతారు?

ఈ నష్టంలో కొంతైనా ముందే ఆపగలిగిందే. ‘ధర్మవరం పట్టణంలో రేపు రాత్రి గంటన్నరలో 40 మిల్లీమీటర్ల దాకా కురవొచ్చు, పల్లపు వీధుల్లో మగ్గాలు జాగ్రత్త’ అని ముందురోజు మధ్యాహ్నం చెబితే చాలు. పడుగుకు పాలిథిన్ కప్పుతారు. జకార్డు అట్టలు విప్పి పైన పెడతారు. గడపకు ఇసుక మూటలు అడ్డం వేస్తారు. పురపాలక సిబ్బంది కాలువ నోళ్లు తీసిపెడతారు. ఇవేవీ కోట్ల ఖర్చుతో కూడినవి కావు. కావలసింది ఒక్క పూట వ్యవధి, ఊరి పేరుతో ఒక మాట.

అసలు ‘రాయలసీమ’ అన్న ఆ ఒక్క పేరులో ఏముందో మీరే చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మీ శాఖ ఇచ్చే ఈశాన్య రుతుపవనాల అంచనాలో దక్షిణాదిని ఐదు ఉపవిభాగాలుగా లెక్కిస్తారు. తిరుపతి నుంచి కర్నూలు దాకా, కడప నుంచి మడకశిర దాకా అంతా అందులో ఒకే ముక్క. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే తిరుపతి వైపు కొండలు మబ్బును పట్టి ఆపుతాయి, అక్కడ కుండపోత కురుస్తుంది. అదే రోజు హిందూపురంలో చలిగాలి, సన్న తుంపర తప్ప ఇంకేం ఉండకపోవచ్చు. సగటు తీసి ‘రాయలసీమలో సాధారణం కంటే ఎక్కువ’ అని రాస్తే, ఆ సగటు తిరుపతిది. హిందూపురం రైతు దాన్ని నమ్ముకుని బోరు మీద పెట్టాలనుకున్న మల్బరీని మెట్టకు వదిలేస్తే ఎవరు బాధ్యులు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్యే ఎంత తేడా ఉందో చూస్తే, జిల్లాకు ఒక వాక్యం కూడా చాలదని తెలుస్తుంది. హిందూపురం సముద్ర మట్టానికి ఆరొందల మీటర్లకు పైన, మైసూరు పీఠభూమి అంచున ఉంది. అక్కడి నుంచి సూటిగా డెబ్బై కిలోమీటర్ల లోపే ఉన్న ధర్మవరం నాలుగొందలకు దిగువన ఉంది. ఒక్క ఎత్తు వల్లనే దాదాపు రెండు డిగ్రీల తేడా వస్తుంది. మధ్యలో పెనుకొండ కొండల వరుస. చలి ఒకచోట ఒకలా, ముసురు ఇంకోచోట ఇంకోలా ఉంటుందని పశువుల కాపరికి తెలుసు. మీ పటానికి తెలియకపోవడం ఏమిటి?

ఇక చలి సంగతి. శీతాకాలం రాగానే రాష్ట్రం కళ్లన్నీ లంబసింగి, చింతపల్లి మీదికి పోతాయి. అక్కడ గడ్డి మీద పేరుకున్న మంచు టీవీల్లో పదే పదే కనిపిస్తుంది. ఆ కొండల్లో బతికే గిరిజనుల కోసం చలి హెచ్చరిక కావలసిందే, దాన్ని కాదనేవారు లేరు. కానీ మైదానంలో చలిగాలుల హెచ్చరిక రావాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేదా అంతకన్నా దిగువకు పడాలని మీ నిబంధన. హిందూపురం, మడకశిర, అగళి వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో పన్నెండు, పదమూడు డిగ్రీలు మామూలే. అది మీ గీతకు పైనే ఉంటుంది కనుక మీ లెక్కలో చలి లేనట్టే.

పట్టుపురుగుకు ఆ గీత తెలియదు. చాకీ దశలో దానికి 26 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి, పెద్ద పురుగుకు 24, 25. బయట పన్నెండుకు పడితే షెడ్డు లోపల ఆ వేడిని నిలబెట్టేది రైతు చేతిలో ఉన్న బొగ్గుల కుంపటి, కరెంటు హీటరు, కిటికీలకు కట్టిన గోనెపట్టాలే. చలికి పురుగు ఆకు తినడం తగ్గిస్తుంది. కుబుసం విడిచే ముందు పట్టే ‘జ్వరం’ నుంచి అన్నీ ఒక్కసారి లేవవు. కొన్ని ముందు, కొన్ని వెనక లేస్తాయి. ఒకే తట్టలో రెండు వయసుల పురుగులు తయారవుతాయి. పంట నాలుగైదు రోజులు సాగుతుంది, ఆకు ఖర్చు పెరుగుతుంది. చలికి తోడు తేమ కలిస్తే అసలు ముప్పు అప్పుడే. సున్నపుకట్టు రోగం దిగితే ఉదయానికి పురుగు బిగుసుకుని సుద్దముక్కలా తెల్లగా అయిపోతుంది. ఒక తట్టలో కనిపించిన రోగం రెండు మూడు రోజుల్లో షెడ్డంతా పాకుతుంది. ముసురులో కోసిన తడి ఆకు వేయకూడదు, ఆరబెట్టడానికి ఎండ ఉండదు. ముందురోజే ‘రేపటి నుంచి మూడు రోజులు ముసురు, రాత్రి చలి 13 డిగ్రీలు’ అని తెలిస్తే రైతు ఆకు ముందే కోసుకుంటాడు, తట్టల్లో సున్నం చల్లుకుంటాడు, కిటికీలు బిగిస్తాడు. తెలియకపోతే హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో పల్చటి గూళ్లు ముందు పెట్టుకుని, వేలంలో పలికిన ధరకు తల వంచాలి.

తీరప్రాంతానికి చలి హెచ్చరిక కొలతను మీరే 15 డిగ్రీలుగా వేరుగా పెట్టారు. సముద్రం దగ్గర బతుకు వేరు కనుక గీత కూడా వేరన్నది మీ తర్కం. అది సరైన తర్కం. అదే తర్కంతో పట్టుపురుగు పెంచే పీఠభూమికి ఇంకో గీత ఎందుకు గీయలేరు?

2021 నవంబరును మీరు మరిచిపోయి ఉండరు. ఆ నెల 19న తెల్లవారుజామున వాయుగుండం చెన్నై, పుదుచ్చేరిల మధ్య తీరం దాటింది. అందరి చూపూ తీరం మీదే ఉంది. ఆ ఉదయమే ఇక్కడ, తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి పొంగింది. కారులో వెళ్తున్నవారు వరదలో చిక్కుకున్నారు. వాళ్లను కాపాడడానికి వెళ్లిన జేసీబీ కూడా నది మధ్యలో ఆగిపోయింది. చివరికి వైమానిక దళం మి-17 హెలికాప్టర్ వచ్చి పదిమందిని పైకి లాగింది. ఆ మర్నాడు తెల్లవారకముందే కదిరిలో కట్టడంలో ఉన్న భవనం కూలి పిల్లలతో సహా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2021 లానినా ఏడాది. మామూలు లెక్కన అలాంటి ఏడాది ఈశాన్య రుతుపవనాలు బలహీనంగా ఉండాలి. కానీ దక్షిణ భారతంలో 1901 తర్వాత ఆ సీజనులో అంత వాన ఎప్పుడూ పడలేదు. సీజను మొదట్లో ఇచ్చే ఒక్క అంచనాతో మూడు నెలలు నెట్టుకురాలేమని చెప్పడానికి ఇంతకంటే రుజువు కావాలా?

చిత్రావతి ఎక్కడ పుడుతుందో మీకు తెలుసు. కర్ణాటకలో చిక్కబళ్లాపురం కొండల్లో. పుట్టపర్తి, బుక్కపట్నం దాటి ధర్మవరం వైపు వస్తుంది. పెన్నా నంది కొండల్లో పుట్టి, జయమంగళిని కలుపుకొని హిందూపురం పక్కనుంచి దిగుతుంది. ఈ నదుల తలాపున వాన పడితే అది బెంగళూరు కేంద్రం లెక్కలో ‘దక్షిణ అంతర్గత కర్ణాటక’. దిగువన మరువ పారేసరికి అది మీ ‘రాయలసీమ’. నీరు మాత్రం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. వెల్దుర్తి కాజ్‌వే మీద నీళ్లు ఎక్కే సమయం, ఎగువన ఎక్కడ ఎంత కురిసిందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఆ రెండు కేంద్రాల సమాచారాన్ని ఒకచోట పెట్టి, ‘ఫలానా గంటకు చిత్రావతి ఉద్ధృతి పెరుగుతుంది, కాజ్‌వేలు మూసేయండి’ అని తహసీల్దారుకు చెప్పాల్సింది ఎవరు? విపత్తుల నిర్వహణ సంస్థ ఉన్నది అందుకే కదా?

చూపు సరిగా ఆనకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఇన్నాళ్లూ ఈ ప్రాంతపు మబ్బును ప్రధానంగా తీరంలోని రాడార్లతోనే చూస్తూ వచ్చారు. శ్రీహరికోట నుంచి హిందూపురం దాదాపు 300 కిలోమీటర్లు. భూమి గుండ్రం కనుక, అర డిగ్రీ కోణంలో వదిలిన రాడార్ కిరణం అంత దూరం వచ్చేసరికి సముద్ర మట్టానికి దాదాపు 8 కిలోమీటర్ల ఎత్తుకు చేరుతుంది. వేసవిలో ఉరుములతో నిలువుగా లేచే క్యుములోనింబస్ మబ్బు దానికి దొరకవచ్చు. శీతాకాలపు ముసురు కురిపించే మబ్బు చాలాసార్లు అంతకు ఎంతో కిందే పరుచుకుని ఉంటుంది. కిరణం దాని మీదుగా దాటిపోతుంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది. కొత్త రాడార్లు అందులో ముఖ్యమైన భాగం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మీద కిందికి చూడగలిగే రాడార్ కోసం అమరావతి కేంద్రం ఢిల్లీకి ఏం రాసింది? రాసి ఉంటే ఆ ఉత్తరం ప్రజల ముందు పెట్టండి. రాయకపోతే ఇప్పుడైనా రాయండి.

మీ దగ్గర ఏమీ లేదని ఎవరూ అనడం లేదు. రాష్ట్రంలో మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, గంట గంటకూ లెక్క వస్తుంది. 2024 అక్టోబరులో గ్రామ పంచాయతీ స్థాయి అంచనాలను కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. 2025 మే 26న ఆరు కిలోమీటర్ల గడులతో పనిచేసే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ను ప్రారంభించింది. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయిన తీరంలో, ఇవాళ తుపాను తీరం దాటే చోటును ముందుగానే చెప్పి, లక్షల మందిని తరలించి, మరణాలను వేళ్ల మీద లెక్కపెట్టే స్థాయికి తెచ్చింది మీరే. ఆ పని చేయగలిగిన వ్యవస్థకు లేపాక్షి పక్క ఊరికి ముసురు కబురు అందించడం చేతకాదంటే నమ్మేదెలా? శక్తి ఉంది. దాన్ని ఇటువైపు తిప్పడం లేదు. అభ్యంతరమల్లా అక్కడే.

పైగా ఉన్న దారి కూడా మూసేశారు. 2018 నుంచి దేశంలో 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు కృషి విజ్ఞాన కేంద్రాల్లో పనిచేశాయి. మీ అంకెలను తీసుకుని, ‘ఈ వారం కందికి మందు కొట్టవద్దు’, ‘బుడ్డలు పీకడం రెండు రోజులు ఆపండి’ అని రైతు భాషలోకి మార్చింది అక్కడి ఉద్యోగులే. 2024లో వాటికి నిధులు ఆపి మూసేశారు. అది ఢిల్లీ నిర్ణయమే కావచ్చు. అయినా ఇక్కడ ఏం పోయిందో ఢిల్లీకి చెప్పాల్సిన బాధ్యత మీది కాదా? కంది పూత మీద ఉన్న నవంబరు, డిసెంబరుల్లో నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే పూత రాలుతుంది, కాయతొలుచు పురుగు పడుతుంది. ఎప్పుడు మందు కొట్టాలో తెలియని రైతు కొట్టిన మందు వానకు కొట్టుకుపోతుంది, మళ్లీ కొంటాడు. కల్లంలో బుడ్డల వామి తడిస్తే కాయ మొలకెత్తుతుంది, కట్టె నల్లబడి బూజు పట్టి పశువు మూతి పెట్టదు. గొర్రెల మందలకు ఈ తడి నెలల్లోనే నీలినాలుక వ్యాధి. టీకా ఎప్పుడు వేయించాలో చెప్పడానికి కూడా ముందు తెలియాల్సింది వాన సంగతే.

టెక్సాస్‌లో 2021 ఫిబ్రవరి చలి తుపాను వచ్చినప్పుడు డల్లాస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు అక్కడి జాతీయ వాతావరణ సేవ హెచ్చరికలు కౌంటీ పేరుతో అందాయి. వాన అయితే వాన, రోడ్డు మీద గడ్డకట్టే వాన అయితే అది, మంచు అయితే మంచు. దేనికి దానికి వేరే హెచ్చరిక, దేనికి దానికి వేరే జాగ్రత్త. కరెంటు వ్యవస్థ కుప్పకూలి అక్కడ జనం అల్లాడారు. వాతావరణం సంగతి మాత్రం ముందే చెప్పారు. హిందూపురం నుంచి వెళ్లి అక్కడ ఉద్యోగం చేసుకునే కొడుకుకు తన వీధి వాతావరణం తెలుస్తుంది. ఇక్కడ పట్టుపురుగులు మేపే తండ్రికి ‘ఒకటి రెండు చోట్ల’ తప్ప తెలియదు. ఆ ఒకటి రెండు చోట్లలో తన ఊరు ఉందా లేదా అని అడగడం అత్యాశా?

ఈ ప్రాంతానికి కూడా శీతాకాలం ఒకే రకంగా రాదు. అక్టోబరులో ఉరుముల వాన, నవంబరులో వాయుగుండం ముసురు, డిసెంబరులో చలిగాలి, జనవరిలో పొద్దెక్కేదాకా వదలని పొగమంచు. పెనుకొండ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి మీద తెల్లవారుజామున లారీలు, కియా ఫ్యాక్టరీ బస్సులు, మోటారు సైకిళ్లు ఒకేసారి కదులుతాయి. ఎదుటి బండి లైటు యాభై గజాల్లో కనపడని పొద్దులున్నాయి. దాని గురించి ముందురోజు రాత్రి రహదారి పోలీసులకు ఒక మాట పంపడానికి ఏం అడ్డం? మార్చి దగ్గరికి వస్తే వడగళ్లు. అప్పుడు హిందూపురం యార్డులో చింతపండు రాశులు ఆరుబయట ఉంటాయి. తడిసిన కరిపులి రకం చింతపండుకు ధర ఎంత పడుతుందో యార్డులో ఏ హమాలీని అడిగినా చెబుతాడు.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు ప్రత్యేకంగా వినాలి. వాతావరణ శాఖ అంచనా ఇచ్చినంత మాత్రాన మీ పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది. దాన్ని ఎవరి చేతికి, ఏ వేళకు, ఏ మాటల్లో చేర్చారన్నదే లెక్క. రైతు సేవా కేంద్రం బోర్డు మీద పొద్దున్నే రాయించవచ్చు. ధర్మవరంలో చేనేత సహకార సంఘాల ద్వారా, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ మైకులో చెప్పించవచ్చు. మన మిత్ర వాట్సాప్ సేవ 2025 జనవరి నుంచి నడుస్తోంది. జనన ధ్రువపత్రం వచ్చే ఫోనుకు ముసురు కబురు రాకూడదా? మీ దగ్గర ఉన్న అంచనా మండలం పేరుతో, తెలుగులో, సాయంత్రం ఆరు గంటల్లోపు రావాలి. మరుసటి రోజు అది ఎంత నిజమైందో కూడా అదే చోట రాయాలి. తప్పిన అంచనాను జనం క్షమిస్తారు. ఎవరికీ అక్కర్లేని అంచనాను నమ్మరు.

కనుక ఈ బహిరంగ లేఖ ద్వారా అడుగుతున్నది ఇదే. ధర్మవరం లాంటి మగ్గాల ఊళ్లకు ‘భారీ’ అన్న గీతను గంటల లెక్కన, తక్కువ కొలతతో వేరుగా గీయండి. పట్టుపురుగులు పెంచే మండలాలకు రాత్రి ఉష్ణోగ్రత, తేమ కలిపి ఒక చలి సూచన ఇవ్వండి. 10 డిగ్రీల నిబంధన వెనుక దాక్కోవద్దు. మూసేసిన జిల్లా విభాగాల పని శ్రీ సత్యసాయి జిల్లాలో ఎవరు చేస్తారో పేరు పెట్టి చెప్పండి. చిత్రావతి, పెన్నా, జయమంగళి పరీవాహకం మీద బెంగళూరు, అమరావతి కేంద్రాలు కలిసి ఒక ఉమ్మడి వరద బులెటిన్ ఇవ్వాలి. దాని మొదటి ప్రతి వచ్చే ఈశాన్య రుతుపవనాలకు ముందే, సెప్టెంబరు ఆఖరులోగా, వెల్దుర్తి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి. ఇందులో ఏది చేస్తారో, ఏది చేయలేరో, చేయలేకపోతే కారణం ఏమిటో రాతపూర్వకంగా, తెలుగులో జవాబివ్వండి.

ఇట్లు,
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతులు, నేతన్నల పక్షాన